ముక్కంతా ఫార్మలిన్‌లో వేయకండి

ఆళ్లగడ్డలో రోజంతా ఉలి పట్టే శిల్పికి మణికట్టు వాస్తే బెణికిందనుకుంటాం. చిన్నపిల్లాడి వేలు ఉబ్బితే ఎక్కడో దెబ్బ తగిలిందంటాం. రాతిధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే టీబీ ముప్పు పెరుగుతుందని తెలిసిన ఊళ్లో కూడా, నెలల తరబడి తగ్గని వాపు ఎముక టీబీ కావచ్చన్న ఆలోచన చివర్లోనే వస్తుంది. చాలామందికి దగ్గు ఉండదు, తెమడ ఉండదు, ఛాతీ ఎక్స్‌రే కూడా బాగానే ఉంటుంది. ఎముకల టీబీలో దాదాపు సగం వెన్నెముకదే. తుంటి, మోకాలు ఆ తర్వాత. పక్కటెముక, రొమ్ము ఎముక, మడమ, మణికట్టు, వేళ్లకు రావడం అరుదు, అందుకే అనుమానం అటు పోదు. చీము పట్టినా సాధారణంగా పైన చర్మం ఎర్రబడదు, వేడెక్కదు. ఎముకలో ఖనిజం కనీసం 30 శాతం పోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో తేడా తెలియదు.

అనుమానం వచ్చాక కూడా దారి తప్పేది బయాప్సీకి ముక్క తీసే బల్ల దగ్గర. తీసిన ముక్కనంతా అలవాటుకొద్దీ ఫార్మలిన్‌లో వేసేస్తే కణాల రూపం నిలుస్తుంది, క్రిమి చస్తుంది. ఇక క్రిమిని పెంచి చూసే కల్చర్ కుదరదు, టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ పరీక్షకూ ఆ ముక్క సరిగా పనికిరాదు. గ్రాన్యులోమా (వాపు కణాల ముద్ద) ఉందని రిపోర్టు వస్తుంది కానీ అది టీబీదా, ఫంగస్‌దా అన్నది చాలాసార్లు తేలదు, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నదీ తెలియదు. అదే ముక్కలో సగం సెలైన్‌లో వేసి పంపితే, క్రిమి దొరికినప్పుడు అది టీబీయేనని, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో సీబీనాట్ సుమారు 2 గంటల్లో చెబుతుంది. ఎముకలో క్రిములు తక్కువ కాబట్టి నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదనుకోకూడదు. వారాలు పట్టినా కల్చర్ పెట్టాల్సిందే.

టీబీ ఇంతగా ఉన్న దేశంలో ముక్క దేనికి, మందులిచ్చి చూద్దాం అనే డాక్టర్లున్నారు. వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది, వాదన మాత్రం నిలవదు. రిఫాంపిసిన్ ఎముకలో చీము పట్టించే స్టెఫైలోకాకస్ క్రిమి మీద కూడా పనిచేస్తుంది, కాచని పాల నుంచి సోకే బ్రూసెల్లా మీదా పనిచేస్తుంది. నొప్పి తగ్గితే టీబీయేనని రుజువైనట్టు కాదు. తగ్గకపోతే అది క్యాన్సరో, మందులకు లొంగని టీబీయో కావచ్చు, ఈలోగా నెలలు గడిచిపోతాయి. 2016 నాటి మన దేశ మార్గదర్శకాల ప్రకారం ఎముక టీబీకి మందులు కనీసం 12 నెలలు మింగాలి. ఏ ఆధారమూ లేకుండా అంతకాలం మింగమనడం అన్యాయం. కాళ్లు చచ్చుబడుతున్న వెన్నెముక రోగి సంగతి వేరు, అక్కడ ముక్క తీసిన వెంటనే ఫలితం కోసం ఆగకుండా మొదలుపెట్టాలి.

చిన్న ఊళ్లో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయంటారా? ఎమ్మారైకి పెద్ద ఊరు పోక తప్పదు. కానీ సెలైన్ సీసా లేని ఆపరేషన్ థియేటర్ ఉండదు. 2023లో మెడికల్ కాలేజీ మొదలైన నంద్యాల ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు, చల్లని పెట్టెలో పెట్టి పంపితే ముక్క అదే రోజు చేరుతుంది. రోగి వెంట వచ్చినవాళ్లు కూడా "సార్, సగం సెలైన్‌లో వేశారా?" అని అడగొచ్చు, అదీ సీసా మూత బిగించకముందే.