నూరు పొయ్యకు, నూరుదాకా నింపు

పొటాషియం బ్రోమైడ్ 10 శాతం ద్రావణం చేయమంటే కొత్తవాళ్లు 10 గ్రాములు తూచి 100 మి.లీ. నీళ్లలో వేసేస్తారు. నిజామాబాద్‌లో నాకు డార్క్‌రూం పని నేర్పిన ఉస్తాద్ అది చూస్తే ఊరుకునేవారు కాదు. "నూరు పొయ్యకురా, నూరుదాకా నింపు!" ముందు 70 మి.లీ. నీళ్లలో పలుకులన్నీ కరగాలి. ఆ తర్వాతే మెజర్ గ్లాసులో వంద గీతదాకా నీళ్లు.

ఇంత తంటా ఎందుకంటే, పాతబడిన పేపరు మసకబారకుండా డెవలపర్‌లో పావు గ్రాము బ్రోమైడ్ కలపాలి. మా త్రాసుకు పావు గ్రాము ఆనదు. 10 శాతం సీసా ఉంటే 2.5 మి.లీ. తీస్తే సరి.

బోధన్ వాళ్లకు శాతాలు కొత్త కాదు. 1937లో పుట్టి 2015లో మూతపడిన శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ కథంతా చెరుకు రసం బ్రిక్స్ చుట్టూ తిరిగిందే. కానీ ఆ శాతం వేరు, మాది వేరు. బ్రిక్స్ 20 అంటే 100 గ్రాముల ద్రావణంలో 20 గ్రాముల చక్కెర. తూకానికి తూకం. అదే ద్రావణం 100 మి.లీ. తీసుకుంటే చక్కెర దాదాపు 21.6 గ్రాములు ఉంటుంది, అది నీళ్లకన్నా బరువు కాబట్టి. మా సీసాల్లో గ్రాములు పలుకులకే, ద్రావణానికి మి.లీటర్లే.

నిష్పత్తులతో ఇంకో పేచీ. 1:9 అని రాస్తే మొత్తం తొమ్మిదా, పదా? ఇల్ఫర్డ్ వాళ్లలా 1+9 అని రాస్తే తగాదా ఉండదు. నా ఓటు దానికే. 4 శాతం సిర్కాను స్టాప్ బాత్ కోసం 1 శాతానికి దించాలంటే 1+3.

గాఢమైన ఎసిటిక్ యాసిడ్‌కు అడ్డగీతల లెక్క. పైన 99, కింద నీళ్లకు సున్నా, నడుమ కావాల్సిన 28 రాసి ఐమూలగా తీసివేయాలి. 28 పాళ్ల యాసిడ్, 71 పాళ్ల నీళ్లు. డార్క్‌రూంకు ఈ లెక్క చాలు. నీళ్లు ముందు, యాసిడ్ తర్వాత.

ఈ పని దసరాలోపే ముగించేవాళ్లం. గాఢ యాసిడ్ 16.6 డిగ్రీలకే గడ్డకడుతుంది, మా దిక్కు పుష్యమాసపు రాత్రుల్లో చలి అంతకన్నా కిందికి పోతుంది. 28 శాతానికి దించితే ఆ బెడద లేదు.