తుపానును అల్లిన బుట్ట

కళకును లెక్కకును పొత్తు కుదరదని మనలో పెక్కుమంది తలంపు. అంకెలు పొడివనియు, రసము వేఱనియు చెప్పుచుందురు. అమెరికాలోని బోస్టను నగరమున నుండు శిల్పకారిణి నథాలీ మీబాక్ కృతులను పరిశీలించినవారు ఈ తలంపును మార్చుకొనవలసి వచ్చును. ఆమె పట్టినది ఉలి కాదు, బుట్టలల్లు పేముబద్ద. ఆమె యెన్నుకొన్న వస్తువు తుపాను.

2007లో కరీబియను దీవులను ముంచి, ఉత్తరమున నోవాస్కోషియా వఱకు సాగిన నోయెల్ తుపాను ఆమె కృతులలో నొకదానికి మూలము. గాలివేగము, వాయుభారము మొదలగు కొలతలను సేకరించి, వానికి గుర్తులుగా బద్దలను, పూసలను, రంగులను నియమించి ఆమె దాని నల్లెను. వాతావరణపు కొలతలను స్వరలిపిగా కూర్చి వాద్యకారులచే వాయింపించుటయు ఆమె పద్ధతియే.

ఇందు మేము ముఖ్యముగా మెచ్చునది నియమపాలనము. ఇట్టి పనిలో ఆకృతిని నిర్ణయించునది అంకె. అందము కొఱకు దానిని మార్చినచో బుట్ట నిలుచును గాని సత్యము నిలువదు. ఇంతియకాదు, బుట్టలల్లుట ఆడువారి పొద్దుపుచ్చు పనియని చులకన చేయువారికి, ఆ చేతిపనియే శాస్త్రమును మోయగలదని ఈ కృతులు చూపుచున్నవి.

అయినను మాకొక శంక కలదు. ఈ కృతులు పలువన్నెలతో తిరునాళ్ళ ఆటవస్తువులవలె కంటికింపుగా నుండును. ఏ పూస దేనికి గుర్తో యెఱుగని చూపరి సంతసించి వెడలిపోవును. నోయెల్ వలని వఱదలలో హిస్పానియోలా ద్వీపమున నూఱుమందికి పైగా మరణించిరి. గాలిని కొలుచు యంత్రమునకు ఆ యిండ్ల యేడ్పు వినబడదు. యంత్రము విననిదానిని బద్ద యెట్లు పలుకును?

దీనికి సమాధానము ఆమె తరువాతి పనిలోనే కొంత దొరకుచున్నది. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టను నగరమును ముంచినపుడు, అత్యవసర టెలిఫోను అందక పలువురు ట్విట్టరు ద్వారా సాయము కోరిరి. ఆ మొఱలనే ఆమె యొక కృతికి ఆధారముగా గైకొనెను. ఇచ్చట అంకె వెనుక ఇల్లును, ఇంటిలో మనిషియు కనబడుచున్నారు.

తుపాను ఊరందఱిపైనను వీచును. మెఱకనున్న మేడకును పల్లపు గుడిసెకును నష్టము మాత్రము సమముగా నుండదు. ఆ భేదమును గూడ లెక్కించు కళయే మాకు కావలసినది. గాలిని మాత్రమే కొలిచి మనిషిని విడిచినపుడే అంకె పొడిదగును.