అడుగున మచ్చ

మా కిటికీ గూట్లో జానెడు ఎత్తు గాజు ఫ్లవర్ వాజ్ ఒకటుంది. లోపల పసుపు, దాన్ని చుట్టి ఎరుపు, ఆ పైన మందంగా రంగులేని గాజు. ఏళ్ల కిందట ఓ పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. ఇంతవరకూ అందులో ఒక్క పువ్వు కూడా పెట్టలేదు. పొద్దుటి ఎండ తగిలితే గోడంతా నారింజ రంగు పరుచుకుంటుంది. అంతకన్నా ఏ పువ్వు ఏమిస్తుంది?

కొనేముందు బోర్లించి చూశాను. అడుగున పావలా బిళ్లంత గరుకు మచ్చ. "పెచ్చు లేచిందండీ, తగ్గించి ఇస్తాను" అన్నాడు దుకాణాయన. అది పెచ్చు కాదని చెప్పి, మొదట అడిగిన ధరే ఇచ్చాను.

ఊదుడు గొట్టం చివర గాజు బుడగ ఉబ్బాక, మూతి తీర్చాలంటే దాన్ని గొట్టం నుంచి విడదీయాలి. అందుకని అడుగున కాస్త కరిగిన గాజు అంటించి ఇంకో ఇనుప కడ్డీకి పట్టిస్తారు. మూతి విచ్చుకున్నాక చిన్న దెబ్బ వేస్తే కడ్డీ ఊడి వస్తుంది. ఊడినచోట ఈ మచ్చ. కొందరు సానపట్టి నున్నగా చేసేస్తారు. నాకు మాత్రం గరుకుగా ఉన్నదే ఇష్టం. పనివాడు చేయి వదిలిన చోటు అదే కదా.

రంగు మీద రంగు ముంచే ఈ పద్ధతిని ఇటలీలో సొమ్మెర్సో అంటారు, మునిగినది అని అర్థం. వెనిస్ పక్కనున్న మురానో దీవి దీనికి పేరుపొందింది. అగ్నిప్రమాదాల భయంతో 1291లో వెనిస్ పాలకులు గాజు కొలిములను అక్కడికి తరలించారు. ఈ పద్ధతిలో ఫ్లావియో పోలి గీసిన రూపాలంటే నాకు ప్రాణం. 1954లో ఇటలీ డిజైన్ పురస్కారం కొంపాస్సో దోరో మొదటిసారి ఇచ్చినప్పుడు, అందుకున్నవాళ్లలో ఆయనా ఉన్నాడు.

ఇంకా ముచ్చటైనది రుమాలు వాజు. 1940ల చివర్లో ఫుల్వియో బియాంకోని, పావొలో వెనీని కలిసి తీర్చింది. మెత్తబడ్డ గాజును తలకిందులు చేస్తే అంచులు వాటంతటవే మడతలుగా వాలతాయి. మడతలు పెట్టేది దాని బరువే. ఏ రెండూ ఒక్కలా ఉండవు.

వేడి గాజును గుండ్రంగా తిప్పుతూ తీర్చడానికి ఇప్పటి కొలిమిశాలల్లో చాలాచోట్ల తడిపిన వార్తాపత్రికను మడిచి అరచేతిలో పట్టుకుంటారు. గాజు వెయ్యి డిగ్రీల దగ్గర ఉంటుంది, మధ్యన ఆ తడికాగితమే అడ్డు. పత్రికలో రాసుకునే మనిషిని కాబట్టి, ఈ సంగతి తెలిసిన రోజు చాలా సంతోషించాను.

గాజుకు కెంపు రంగు రావడానికి రవ్వంత బంగారం కలిపే పద్ధతి కూడా ఒకటుంది. కరిగించినప్పుడు రంగే కనపడదు. చల్లార్చి మళ్లీ కాస్తే అప్పుడు ఎర్రబడుతుంది.

గాజుకూ, ముంజేతి గాజుకూ మన భాషలో ఒకటే మాట. బహుశా అందుకే దాన్ని చూస్తే చేత్తో తాకాలనిపిస్తుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు సామాన్ల ముందు నిలబడితే కలిగే బాధ అదే. అన్నీ అద్దాల వెనక నిటారుగా ఉంటాయి. వెళ్లినప్పుడల్లా వంగి, తల వాల్చి, ఏదో ఒకదాని అడుగైనా కనపడుతుందేమోనని చూస్తాను.

ఇంటికొచ్చిన పిల్లలకు మాత్రం నా వాజును రెండు చేతులా పట్టించి, బోర్లించి, మచ్చ మీద వేలు పెట్టమంటాను.