తేలికపాటి పొగ, బరువైన మాట

పొగాకు గురించి మాట్లాడేటప్పుడు మన దగ్గరున్న కొలత ఒక్కటే: ఘాటు. చుట్ట బాగుందంటే ఘాటుగా ఉందని అర్థం. బాలేదంటే చప్పగా ఉందని అర్థం. ఈ రెండిటికీ మధ్య చాలా జాగా ఉంది, దానికి మాత్రం మాటల్లేవు. కథల మీద రాసేటప్పుడు కూడా మన అలవాటు ఇంతే అనిపిస్తుంది. పదునుగా ఉంది, చెంప ఛెళ్లుమంది అంటే మెచ్చుకున్నట్టు. మెత్తగా ఉంది అంటే, ఇంకేం చెప్పాలో తోచక అన్నట్టు. అలాంటి భాషలో ఉండి, పైపు తాగేవాళ్లు 'మైల్డ్' అని మురిసిపోయే ఒక స్కాటిష్ తరహా పొగాకు మీద తీర్పు చెప్పడం ఎలా? వారం రోజులు దాన్ని రుచి చూశాక నాకు తేలిందేంటంటే, రుచి విషయంలో ఆ మాట నిజమే. ఆ మాట చరిత్ర మాత్రం అంత మెత్తనిది కాదు.

ముందుగా ఒక సంగతి. డబ్బా పేరు రాయడం లేదు. 2003 నాటి చట్టం మన దేశంలో పొగాకు ప్రకటనల్ని నిషేధించింది. సమీక్షకీ ప్రకటనకీ తేడా ఉందనే నా నమ్మకం, కానీ ఎవరైనా ఇది చదివి ఆ డబ్బా కోసం వెతుక్కోవడం నాకిష్టం లేదు. పైగా ఇక్కడ తూకం వేస్తున్నది ఒక కంపెనీని కాదు, ఒక కలిపే పద్ధతిని.

మీలో చాలామంది పైపుని పాత సినిమాల్లోనే చూసుంటారు. నైట్ గౌను తొడుక్కుని మెట్లు దిగే డబ్బున్న నాన్నగారి నోట్లో ఉంటుంది. అందులో ఏం కాలుతోందో ఏ దర్శకుడూ చూపించలేదు. నిజానికి పైపులో ఆసక్తికరమైనది అదే. సిగరెట్‌లా చుట్టి అమ్మరు కాబట్టి, ఏయే ఆకులు ఏ పాళ్లలో కలిపారన్నది విప్పి, చూసి, ముట్టుకుని, వాసన పట్టి తెలుసుకోవచ్చు. వర్జీనియా, తూర్పు మధ్యధరా వైపు పండే ఓరియంటల్ రకాలు, లటాకియా, ఈ మూడూ కలిస్తే దాన్ని ఇంగ్లిష్ మిక్చర్ అంటారు. వాటికి ఆవిరి పట్టి, ఒత్తిడి పెట్టి నల్లగా మాగబెట్టిన కావెండిష్‌ని, తీపి కలపకుండా జోడిస్తే స్కాటిష్ తరహా అంటారు. సరిహద్దు గట్టిదేమీ కాదు. ఒకరి ఇంగ్లిష్ ఇంకొకరికి స్కాటిష్. స్కాట్లండ్‌లోని పెర్త్ పట్నంలో చార్లెస్ రాట్రే పెట్టిన దుకాణం ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది. ఆ పేరు మీద వచ్చే పొగాకుని ఇప్పుడు తయారుచేసేది జర్మనీలో.

ఈ నాలుగింటిలో గొంతున్నది లటాకియాకే. ఆకుని కట్టెల పొగలో ఆరబెడతారు. ఒకప్పుడు సిరియాలో, తర్వాత ఎక్కువగా సైప్రస్‌లో చేశారు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు దాన్ని తోలు అంటారు, చలిమంట అంటారు. నాకు గుర్తొచ్చింది దాలిలో కాగిన పాలు. పిడకల సెగ మీద గంటల తరబడి కాగి, ఎర్రబడి, అడుగున చిన్న పొగచూరు వాసన పట్టిన పాలు. ఆ పొగచూరు ఒక చుక్క ఎక్కువైతే పాలు పారబొయ్యాలి. సరిగ్గా ఉంటే గిన్నె గోకి తింటాం. స్కాటిష్ మిక్చర్‌లో కావెండిష్ పని, ఆ చుక్క హద్దు దాటకుండా చూడటం.

తాగింది అశోక్‌నగర్‌లో ఒక మిత్రుడి డాబా మీద, రాత్రి తొమ్మిది దాటాక. డబ్బా అతని బాబాయిగారు విదేశం నుంచి తెచ్చినది. కింద వీధిలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు టీకొట్టు దగ్గర కరెంట్ అఫైర్స్ వాదించుకుంటుంటారు. పైన మేము పైపు గిన్నెలోకి పొగాకుని మూడు విడతలుగా వేసి, అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా నొక్కి, రెండుసార్లు వెలిగించాం. మొదటి వెలుగు ఆకుని పైకి లేపుతుంది. మళ్లీ నొక్కి వెలిగించాకే అసలు కథ మొదలు. పొగని నోట్లోనే ఉంచి వదలాలి, లోపలికి లాగకూడదు. తొందరపడి పీలిస్తే ఎంత మంచి పొగాకైనా నాలుక కాలుస్తుంది.

మొదటి భాగం నిజంగా బాగుంది. వర్జీనియా పలచని తీపి ముందొచ్చింది, ఎండు గడ్డి మీద తేనె రాసినట్టు. దాని వెనక ఓరియంటల్ ఆకు తెచ్చే చిన్న పులుపు, చింతచిగురంత. లటాకియా ఎక్కడో పక్కింట్లో పొయ్యి రాజేసినట్టు వచ్చి పోతోంది. ఏదీ ముందుకు తోసుకు రాదు. దీన్ని చప్పన అనలేం, ఘాటు అసలే కాదు. ఈ మధ్య జాగాకి మాట కావాలంటే సంగీతం వైపు వెళ్లాల్సి వచ్చింది. పక్కనే చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఉంది. అక్కడ గాయకుడు మంద్రస్థాయిలోకి దిగితే ఎవరూ చప్పగా పాడుతున్నాడనరు. కిందికి దిగినకొద్దీ ఊపిరి మీద అదుపు ఎక్కువ కావాలని వినేవాళ్లకి తెలుసు. మంద్రం. ఈ పొగాకుకి నేనిచ్చే తెలుగు మాట అదే.

మంద్రంలో పాడేవాళ్లకుండే ప్రమాదమే దీనికీ ఉంది. గిన్నె సగం దాటాక స్వరం వినపడటం మానేసింది. కావెండిష్ అన్నిటి అంచులూ అరగదీసి, పులుపునీ పొగచూరునీ ఒకే రంగులో కలిపేసింది. చివరి మూడో వంతులో మిగిలింది వెచ్చదనం, కాస్త తడి, కాగితం కాలిన రుచి. నాలుగు రాత్రులు తాగాం. ఆకుని అరగంట ఆరబెట్టి చూశాం, నెమ్మదిగా పీల్చి చూశాం. మొదటి సగం ప్రతిసారీ మెరుగైంది, రెండో సగం మారలేదు. కాబట్టి లోపం మా చేతుల్లో కాదు, కలిపిన పాళ్లలోనే ఉందని నా తీర్పు. గొడవ వద్దనుకుని ముగింపు రాయకుండా వదిలేసిన కథలా ఉంది.

పోల్చి చూడటానికి ఇంకో రెండు పొగలు తెచ్చుకున్నాం. ఒకటి ఈ పేటల సొంత సరుకు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటితే ఆజామాబాద్. వజీర్ సుల్తాన్ 1916లో మొదలుపెట్టిన వ్యాపారం, 1930లో కంపెనీగా నమోదై, అక్కడి నుంచే చార్మినార్ సిగరెట్‌ని దేశమంతా పంపింది. సత్యజిత్ రాయ్ సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా తాగేది ఇదే. కలకత్తా మేధావి వేళ్ల మధ్య మన హైదరాబాద్ పొగ. ఫిల్టర్ లేని చార్మినార్ మొదటి దమ్ములోనే తన సంగతంతా చెప్పేస్తుంది. పొడిగా, గరుగ్గా, ఎండుమిర్చి కాడ నమిలినట్టు. రెండో నిమిషంలో కొత్తగా చెప్పడానికేం ఉండదు. కానీ మొదటి దమ్ము నుంచి చివరి దాకా ఒకే మాట మీద ఉంటుంది. మన స్కాటిష్ పొగాకు చెయ్యలేనిది అదే.

రెండోది గోదావరి లంక చుట్ట. నది మధ్య ఇసుక దిబ్బల లంకల్లో పండే ఆకు. పందొమ్మిదో శతాబ్దపు తెల్లదొరలు దీన్ని ఎంత ఇష్టపడ్డారంటే, 'లంక' అన్న మన మాటే ఒక చుట్ట పేరుగా ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో దానికి పద్దు ఉంది. ఆ నిఘంటువు కూర్చిన ఇద్దరిలో ఒకరైన హెన్రీ యూల్ స్కాట్లండ్‌వాడు. ఎడిన్‌బరోలో పుట్టిన కానన్ డాయల్ 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో షెర్లాక్ హోమ్స్ చేత ఈ లంక చుట్ట ప్రస్తావన చేయించాడు. నూట నలభై రకాల పొగాకు బూడిదల మీద పరిశోధన పత్రం రాసిన హోమ్స్‌కి, హంతకుడు తాగింది లంక చుట్ట అని తెలిస్తే వెతకాల్సిన మనుషులు తగ్గిపోతారట. బూడిద చూసే పట్టేయగలిగేంత సొంత వ్యక్తిత్వం మన చుట్టకి ఉందని ఒక స్కాట్ రచయిత ఒప్పుకున్నట్టే కదా. మేము తాగిన చుట్టలో ఆ వ్యక్తిత్వం ఇంకా ఉంది. అయిదు నిమిషాల్లో నసాళానికి అంటింది.

అదే 1890లో ఇంకో స్కాట్ రచయిత జె.ఎం. బారీ, తర్వాత పీటర్ పాన్ రాసిన ఆయన, 'మై లేడీ నికోటిన్' అని ఒక పుస్తకం తెచ్చాడు. ఆర్కేడియా అనే ఒకే ఒక్క పైపు మిక్చర్ చుట్టూ తిరిగే పుస్తకం. దాన్ని తాగడానికి యోగ్యత ఎవరికుంది, ఎవరికి లేదు, పెళ్లి కోసం దాన్ని మానేసినవాడి బాధేంటి, అన్నీ చెప్పి నవ్విస్తాడు. మన వైపు చూస్తే 'కన్యాశుల్కం'లో గిరీశం ఉన్నాడు. పొగతాగడాన్ని ఏకంగా గరుత్మంతుడి దాకా తీసుకెళ్లి పద్యంలో సమర్థిస్తాడు. హాస్యంలో గిరీశాన్ని మించినవాడు లేడు. కానీ ఆ పద్యంలో వాదన ఉంది, ధిక్కారం ఉంది, రుచి గురించి ఒక్క ముక్క లేదు. మన సాహిత్యంలో పొగ ఎక్కువగా ఒక పోజు. వేళ్ల మధ్య ఏం కాలుతోందో చెప్పిన వాక్యం కోసం చాలా వెతకాలి.

ఇక అసలు మాట. మైల్డ్ అన్న గుణం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రధానంగా వర్జీనియా ఆకు నుంచి. గుంటూరు, ప్రకాశం, పశ్చిమ గోదావరి ఊళ్లలో కనిపించే బ్యారన్లు దీని కోసమే. పచ్చాకుని కర్రలకు కట్టి లోపల వేలాడదీసి, గొట్టాల ద్వారా వేడి పంపుతూ, దాదాపు వారం పాటు మెల్లగా సెగ పెంచుతారు. ఆకు పసుపు రంగుకి తిరిగాక ఆ రంగునీ అందులోని చక్కెరనీ నిలబెట్టేస్తారు. ఆ చక్కెర వల్ల పొగ కాస్త ఆమ్ల గుణంతో, మెత్తగా వస్తుంది. చుట్ట పొగ దీనికి వ్యతిరేకం. క్షార గుణం ఎక్కువ, గరుకు. అందులోని నికోటిన్ నోటి లోపలి పొర నుంచే ఒంట్లోకి వెళ్లిపోతుంది. చుట్ట తాగేవాళ్లు పొగ మింగకపోవడానికి కారణం అదే, మింగలేరు, మింగాల్సిన అవసరమూ ఉండదు. మెత్తని వర్జీనియా పొగలో నికోటిన్ నోటి నుంచి అంతగా ఎక్కదు. ఊపిరితిత్తుల్లోకి లాగాలి. మెత్తగా ఉంది కాబట్టి లాగగలరు. ఇరవయ్యో శతాబ్దంలో సిగరెట్ అన్ని కోట్ల మంది ఊపిరితిత్తుల్లోకి వెళ్లడానికి దారి వేసింది ఘాటు కాదు, మృదుత్వం.

అలాగని ఘాటు నిర్దోషి కాదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిట్లో వచ్చే కాన్సర్ గురించి డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తున్నారు. పైపు పొగ లోపలికి లాగకపోయినా నోటికీ గొంతుకీ ముప్పు ఉంది. మొత్తం మీద, మైల్డ్ అన్నది రుచికి సంబంధించిన మాట. దాన్ని ఆరోగ్యానికి సంబంధించిన మాటగా వినిపించేలా అమ్మినవాళ్లు ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలో, పెట్టెల మీద జనాన్ని తప్పుదోవ పట్టించే మాటలకి ఉదాహరణలుగా లైట్, మైల్డ్ అన్నవాటిని పేరు పెట్టి రాశారు. 2004లో భారతదేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. మేము తాగిన డబ్బాని నాలుగు వైపులా తిప్పి చూశాను. మైల్డ్ అన్న మాట ఎక్కడా లేదు. తాగేవాళ్ల నోళ్లలో ఉంది. ఒక విశేషణాన్ని ప్రభుత్వాలు కూర్చుని పేరు పెట్టి తప్పుపట్టడం విమర్శ రాసేవాళ్లకి తేలిగ్గా దాటేసే సంగతి కాకూడదు. మనం అలవాటుగా వాడే 'ఆహ్లాదకరం', 'హృద్యం' లాంటి మాటలు ఎవరి మేలు కోసం పనిచేస్తున్నాయో కూడా ఒకసారి చూసుకోవచ్చు.

ఇంకొకటి కూడా తోచింది. డబ్బా మీద వర్జీనియా అని ఉంది, ఏ దేశపు, ఏ ఊరి వర్జీనియానో లేదు. సైప్రస్ లటాకియాకి ఊరుంది. లంక చుట్టకి ఊరుంది. ఇప్పుడు కాఫీ పొట్లం మీద అరకు అని గర్వంగా రాస్తున్నారు. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులో ఉన్నా, రాజమండ్రిలో పరిశోధన సంస్థ 1947 నుంచి ఉన్నా, బ్యారన్ ముందు రాత్రంతా మేలుకుని సెగ చూసుకునే రైతు పేరుగానీ ఊరుగానీ రుచి చూసేవాడి దాకా రాదు. వేలంలో ఆకుని రంగు, మచ్చ, చేతికి తగిలే తేమ చూసి ధర కడతారు. కాలితే ఎలా ఉంటుందన్నది ఎక్కడో సముద్రం అవతల తేలుతుంది. మైల్డ్ అంటే ఊరూ పేరూ చెరిగిపోవడం కూడానేమో.

తీర్పు ఇది. కలపడంలో నేర్పు ఉంది, మొదటి సగంలో అది వినిపిస్తుంది. లటాకియాని అదుపులో పెట్టిన తీరు మెచ్చుకోవాలి. రెండో సగంలో ఆ అదుపే భయంగా మారింది. మంద్రంగా పాడటం వేరు, పాట ఆపేయడం వేరు. పదికి ఆరు ఇస్తాను. ఆ ఆరూ మొదటి ఇరవై నిమిషాలకే. ఇంకో డబ్బా తెప్పించుకోను. మంద్రం అన్న మాట మాత్రం ఉంచుకుంటాను, రేపు మెత్తని కథ ఏదైనా సమీక్షకి వస్తే చప్పగా ఉందని రాసే ముందు చెవి పెట్టి వినడానికి.