వెండి మొలాము చెంచాల పరీక్ష

పందొమ్మిదవ శతాబ్దమున షెఫీల్డు, బర్మింగ్‌హాము నగరముల కర్మాగారములలో తయారై, ఇంగ్లండు మధ్యతరగతి గృహముల భోజనపు బల్లలపై వెలుగొందిన వెండి మొలాము చెంచాలు, ఫోర్కులు చేతికి వచ్చినపుడు, వెల తెలియగోరువారు మొదట త్రాసు కొఱకు వెదకుదురు; కాని తూనిక ఇచ్చట నిరుపయోగము. జర్మనీ సరకుపై కానవచ్చు 90 అను అంకె, పన్నెండు పెద్ద చెంచాలకును పన్నెండు ఫోర్కులకును కలిపి 90 గ్రాముల వెండి పూయబడినదని తెలుపును గనుక, ఒక్కొక్కదానికి నాలుగు గ్రాములైన రాదు. అంత స్వల్పమైన వెండి ఏ రీతిగా పూయబడినదో, ఎంత నిలిచినదో చూచి వెలకట్టవలెను.

1743 ప్రాంతమున షెఫీల్డులో కత్తులపని చేయు థామస్ బౌల్సోవర్, రాగికి వెండిని అతికి కాచినచో రెండును ఒకే లోహమువలె సాగునని కనుగొనెను. ఆ రేకుతో సొంపైన పాత్రలు వెలసినను, కోసిన అంచున రాగి బయటపడుటచే చెంచాల కా పద్ధతి అంతగా అనుకూలింపలేదు. 1840లో బర్మింగ్‌హాముకు చెందిన ఎల్కింగ్టనులు, జాన్ రైట్ అను వైద్యుడు కనుగొన్న సయనైడు ద్రావణమును చేకొని, విద్యుత్తుతో వెండి పూయుటకు పేటెంటు పొందిరి. వస్తువు సంపూర్ణముగా రూపొందిన పిమ్మట ద్రావణమున ముంచుటచే అంచులు, ముళ్ళ సందులు, చెక్కిన పువ్వుల లోతులు సైతము వెండిని ధరించెను. అడుగున నుండునది రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము. మనవారు జర్మన్ సిల్వరనునది ఇదియే, దానియందు వెండి లేశమైన లేదు.

ముద్రలను చదువునపుడు మిక్కిలి జాగరూకత వలయును. విద్యుత్తుతో వెండి పూసిన జర్మన్ సిల్వరని తెలుపు ఇ, పి, ఎన్, ఎస్ అను నాలుగక్షరములను వేర్వేరు చిన్న గడులలో ఒత్తుటచే అవి అసలు వెండి ముద్రలవలె భ్రమ గొల్పును. కాని నూటికి 92.5 పాళ్ళ వెండిగల ఇంగ్లీషు వస్తువుపై నడచు సింహపు ముద్ర యుండును. అమెరికా చెంచాలపై రోజర్స్ సోదరుల పేరికి ముందున్న 1847 ఆ చెంచా పుట్టిన యేడు కాదు. ఆ వ్యాపార ముద్ర స్మరించు సంవత్సరము మాత్రమే. స్టెయిన్‌లెస్ ఉక్కును హారీ బ్రియర్లీ షెఫీల్డులో 1913లో రూపొందించెను గనుక, అట్టి అలుగుగల కత్తి అంతకు పూర్వపుది కానేరదు. అయస్కాంతము మాత్రము నమ్మదగినది కాదు: అది ఉక్కును పట్టియిచ్చునే గాని, వెండికిని జర్మన్ సిల్వరుకును భేదము చెప్పజాలదు.

నా దృష్టిలో ముద్రలకంటె మిన్నయైన సాక్ష్యము అరుగుదల. చెంచాను బోర్లించి, ఏటవాలు వెలుతురున, బల్లకు ఆనెడి గిన్నె వెనుక ఉబ్బును చూడుడు. ఫోర్కు ముళ్ళ కొనలను చూడుడు. వెండి తెలుపు తొలగి పసుపు జీర గనబడినచో పూత అరిగినది. ఈ తావులందే అదనముగా వెండి చేర్చిన తయారీదారుల వివేకమును ఎంత కొనియాడినను తక్కువే. తిరిగి మొలాము పెట్టించినది కొత్తదానివలె మెఱయును. అయినను పూతకుముందు సానపట్టుటచే చెక్కడపు పదును మొద్దువాఱును. ఆ మెఱుపునకు ఆశపడి అధికమూల్యము నీయరాదు.

ఒకే నమూనాలో పన్నెండేసి, వడ్డన గరిటెలతో కూడ తఱుగకుండ దొరికిన జత, విడివిడి ముక్కల మొత్తముకంటె ఎక్కువ వెల పలుకును. కోడిగ్రుడ్డు సొనలోని గంధకము సోకి వెండి నల్లబడునని ఎఱిగి, తినిన వెంటనే కడిగి, పొడిబట్టతో తుడిచి వాడుకొన్నచో పాలిషు అవసరము తగ్గును. పాలిషు పట్టినపుడెల్ల పూతలో కొంత వెండి గుడ్డతో పోవుచునే యుండును.