ఏ బండిదండీ?

తోటలో తిరిగే నా నాలుగు చక్రాల బండి ఇంజన్ కేసు మీద బురద గోకితే 163ఎఫ్ఎంఎల్ అన్న పోత అక్షరాలు బయటపడతాయి. చూసినవాళ్లు సీరియల్ నంబర్ అనుకుంటారు. అది సీరియల్ నంబర్ కాదు. మొదటి 1 అంటే ఒకే సిలిండరు. 63 అంటే బోరు అరవై మూడు మిల్లీమీటర్లు, పైన అర మిల్లీమీటరు ఉన్నా రాయరు. ఎఫ్ అంటే గాలితో చల్లబడేది, ఎం అంటే మోటార్ సైకిల్ రకం, ఎల్ అంటే రెండు వందల సీసీ తరగతి. చైనా మోటార్ సైకిల్ ఇంజన్ల పేర్లు చాలావరకు ఇదే లెక్కన నడుస్తాయి: 156ఎఫ్ఎంఐ అయితే 125 సీసీ, 162ఎఫ్ఎంజే అయితే 150. కంపెనీ స్టిక్కరు ఎప్పుడో ఎండకు రాలిపోయింది. అది పోయినందుకు నాకేమీ బెంగ లేదు. పార్టులు వెతికే మనిషికి కావలసిందంతా ఆ కేసు మీదే పోత పోసి ఉంది.

బీచ్‌లో పిల్లల్నీ కొత్త జంటల్నీ ఎక్కించుకుని తిరిగి తిరిగి, ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఇక లాభం లేదనుకున్నాక అమ్మేసిన బండి ఇది. స్పోర్ట్ క్వాడ్ అంటారు. ముందు చక్రాలు రెండూ దేనికది పైకీ కిందికీ ఆడతాయి, వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, ఆ ఇరుసును గొలుసు తిప్పుతుంది. డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి మలుపులో లోపలి చక్రం ఈడ్చుకొస్తుంది. ఒళ్లు అటు వాల్చి తిప్పాలి. ఒక్క మనిషికే సీటు. ఇసుక దిబ్బల మీద గంతులేయడానికి పుట్టినదాన్ని జి. కొండూరు మామిడి తోటలోకి తెచ్చానని మా వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీయండి. కొమ్మలు నేలకు ఆనే పాత రసాల తోటలో ట్రాక్టర్ వెళ్లాలంటే ముందు ఒకడు కర్రతో కొమ్మలెత్తుతూ నడవాలి. ఈ బండి వాటి కింద నుంచి దూరిపోతుంది. తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజుల్లో పైపు చుట్టలు మోస్తుంది, కోతలప్పుడు రెండు ట్రేలు మోస్తుంది.

పార్టుల కోసం పోవలసింది విజయవాడ జవహర్ ఆటోనగర్‌కే. ఇబ్రహీంపట్నం మీదుగా సుమారు ముప్పై కిలోమీటర్లు. 1960ల్లో ఊళ్లోని లారీ షెడ్లన్నీ ఒకచోట చేరడంతో మొదలైన ఆ పేటలో లారీ బాడీ కట్టేవాళ్లు, గేరు పళ్లు కోసేవాళ్లు, క్రాంక్ సానపట్టేవాళ్లు, పాత ఇంజన్లు విప్పి అమ్మేవాళ్లు వీధులకు వీధులు ఉన్నారు. అక్కడ ఏ కొట్టు మెట్టు ఎక్కినా మొదటి ప్రశ్న ఒకటే. "ఏ బండిదండీ?"

నిజం చెబితే పని అయిపోతుంది, అంటే చెడిపోతుంది. క్వాడ్ బైక్ అన్న మాట వినగానే కౌంటర్ వెనక మనిషి చెయ్యి అడ్డంగా ఊపేస్తాడు. "దానివి రావండీ" అంటాడు. ఆయన తప్పేం లేదు. ఆయన అరలన్నీ బండ్ల పేర్లతో సర్ది ఉన్నాయి, నా బండికి అందులో అర లేదు. అందుకే బండి పేరు చెప్పడం నేను మానేశాను. విప్పిన పార్టు కడిగి, తుడిచి, కౌంటర్ మీద పెడతాను. "ఈ సైజు కావాలి గురువుగారూ" అంటాను. అప్పుడాయన మొహం మారుతుంది. కళ్లజోడు దించుకుంటాడు, వెర్నియర్ తీస్తాడు.

వెనక ఇరుసు బేరింగే చూడండి. అంచు మీద 6206 అని ఉంటుంది. లోపలి రంధ్రం 30 మి.మీ., బయటి కొలత 62, మందం 16. చివరి రెండంకెల్ని అయిదుతో హెచ్చిస్తే లోపలి కొలత వచ్చేస్తుంది: 04 నుంచి పైకి అన్నిటికీ ఈ లెక్క పారుతుంది. జపాన్‌లో చేసినా, పుణెలో చేసినా, చైనాలో చేసినా 6206 అంటే 6206 మాత్రమే. పంపు సెట్టు మోటారు వైపు అరలో దొరుకుతుంది, ధాన్యం మిషన్ల కొట్లో దొరుకుతుంది. నేను అడిగేది ఒక్క విషయం, రెండు పక్కలా రబ్బరు మూతలుండే 2ఆర్ఎస్ రకం ఇవ్వమని. రేకు మూతల జెడ్‌జెడ్ రకం దుమ్మును ఆపుతుంది గానీ తోట కాలువలో దిగితే నీళ్లను ఆపదు. ఆయిల్ సీళ్ల సంగతీ అంతే. లోపలి కొలత, బయటి కొలత, మందం వరసగా రబ్బరు మీదే అచ్చు వేసి ఉంటాయి.

గొలుసు దగ్గర కొంచెం తెలివి కావాలి. మన ఊళ్లలోని చిన్న బైకులకు సాధారణంగా 428 గొలుసు ఉంటుంది, పిచ్ అర అంగుళం. క్వాడ్‌కు 520, పిచ్ 15.875 మి.మీ., అంటే అంగుళంలో అయిదు ఎనిమిదో వంతులు. ఈ 520 గొలుసు ఒకప్పుడు అపురూపం. కుర్రాళ్లు డ్యూక్ 390 బైకులు కొనడం మొదలుపెట్టాక కొట్లలో వేలాడుతోంది. కుర్రాళ్ల వేగం మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి గానీ, గొలుసు విషయంలో వాళ్లకు రుణపడి ఉన్నాను.

అయితే కొలత కలిసిందని సంబరపడి ఇంటికి వచ్చేయకూడదు. పిస్టన్ అరిగి పొగ పెట్టినప్పుడు ఇది తెలుస్తుంది. నా ఇంజన్ బోరు 63.5. హీరో హోండా 1999లో తెచ్చిన సీబీజెడ్ బోరు కూడా సరిగ్గా 63.5. "ఇదే వేసేయండి, దిగిపోద్ది" అని పిస్టన్ల కొట్లో ఒకాయన పెట్టె తెరిచి చూపించాడు. దిగుతుంది, నిజమే. కానీ సీబీజెడ్‌లో పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 49.5 మి.మీ., నా ఇంజన్‌లో 62.2. అది వేరే క్రాంకుకు, వేరే హెడ్డుకు చేసిన పిస్టన్. బోరు తర్వాత చూడవలసింది గజన్ పిన్ లావు, ఆ పిన్ నడిమి నుంచి పిస్టన్ తల దాకా ఉన్న ఎత్తు, వాల్వులు తగలకుండా తల మీద చెక్కిన గుంటలు. ఎత్తు ఎక్కువైతే హెడ్డుకు కొడుతుంది, తక్కువైతే కంప్రెషన్ పోయి బండి లాగదు. రెండు పిస్టన్లూ పక్కపక్కన అద్దం పలక మీద నిలబెట్టి చూస్తే అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు కేటాయించే మేస్త్రీ దగ్గరికే నేను వెళతాను, అద్దం పలక లేని షాపుకు వెళ్లను.

ఈ ఇంజన్ తాత ఎవరో కూడా చెప్పాలి. 1976లో హోండా తెచ్చిన సీజీ125. బండి కొని ఆయిల్ మార్చడం మర్చిపోయే దేశాల కోసమని ఇంజనీర్లు దాన్ని మొరటుగా చేశారు. క్యామ్‌ను పైన హెడ్డులో కాకుండా కింద పెట్టి, పొడవాటి కడ్డీలతో వాల్వుల్ని తట్టించారు. క్యామ్ చైన్ అనేదే లేదు, తెగే బాధ లేదు. చైనా ఫ్యాక్టరీలు ఆ పద్ధతినే పట్టుకుని బోరు పెంచుకుంటూ పోయాయి. టాపెట్లు నెమ్మదిగా టకటకమంటుంటే రోగమని కంగారుపడనక్కర్లేదు, ఆ వంశానికి అది ఉన్నదే.

అమెరికాలో ఈ వ్యవహారం వేరు. యమహా బాన్షీ అని రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ స్పోర్ట్ క్వాడ్ అక్కడ 1987 నుంచి 2006 మోడల్ దాకా అమ్ముడైంది. 347 సీసీ, బోరు 64, స్ట్రోకు 54. మన రాజ్‌దూత్ 350 కొలతలూ సరిగ్గా అవే, రెండూ యమహా ఆర్‌డీ కుటుంబమే. ఒకటి నీళ్లతో చల్లబడేది, ఇంకోటి గాలితో. బాన్షీ తయారీ ఆగిపోయినా దానికి సిలిండర్ల నుంచి ఫ్రేము దాకా బయటి కంపెనీలు చేసి అమ్ముతూనే ఉన్నాయి. అక్కడ పాత బండి ఉన్నవాడు కేటలాగ్ తిరగేస్తాడు. ఇక్కడ లేత్ ముందు నిలబడతాడు. నాకు రెండోదే బాగుంటుంది. కేటలాగ్ నాకు ఎదురు ప్రశ్న వేయదు.

ఇక మార్పుల సంగతి. వేగానికి పుట్టిన బండిని బరువుకు వాడుతున్నాం కాబట్టి మొదట మార్చవలసింది గేరింగు. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే దాదాపు వెనక మూడు పళ్లు పెంచినంత ఫలితం. 14కు 41 ఉన్నచోట 13కు 41 చేసినా, 14కు 44 చేసినా లెక్క 3.15 దగ్గరే తేలుతుంది. వెనకది పెంచాలంటే ప్లేటు కోసి పళ్లు తీసేవాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు. ఇఎన్8 ఉక్కు అడగాలి, బోల్టు రంధ్రాల వలయం పాతదాని మీద పెట్టి గీయించుకోవాలి. కానీ క్వాడ్ వెనక స్ప్రాకెట్ నేలకు దగ్గరగా వేలాడుతుంది. మూడు పళ్లు పెరిగితే అంచు ఏడెనిమిది మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మోళ్లూ రాళ్లూ ఉన్న తోటలో ఆ ఏడు మిల్లీమీటర్లు తక్కువేం కాదు. అందుకని నేను ముందుదే తగ్గించాను. గొలుసు చిన్న చక్రం చుట్టూ ఎక్కువ వంగి త్వరగా అరుగుతుంది, ఆ ఖర్చు ఒప్పుకున్నదే.

సైలెన్సర్ విప్పేసి సౌండ్ పెంచుకునే మోజు ఉన్న కుర్రాళ్లు మా వైపూ ఉన్నారు. మామిడి తోటలో అది సౌండ్ గొడవ కాదు, నిప్పు గొడవ. మార్చి దాటాక చెట్ల కింద ఎండాకు మందంగా పడి ఉంటుంది. పొగగొట్టంలోంచి ఒక్క రవ్వ చాలు. గొట్టం చివర జల్లెడ ఉండాలి, అది మసి పట్టి మూసుకుపోకుండా అప్పుడప్పుడూ తీసి కొట్టాలి. గొట్టం ఇంజన్ దగ్గర వంగే చోట ఆకు ఇరుక్కుంటే అదీ అంటుకుంటుంది కాబట్టి అక్కడొక రేకు కవచం కట్టించాను. నేను చేయించిన పనుల్లో అందం లేనిది అదే, అవసరమైనదీ అదే.

టైర్ల దగ్గర మాత్రం పంక్చర్ షాపు వాళ్లతో నాకు ప్రతిసారీ యుద్ధం. ముందు టైరు మీద 21×7-10 అని ఉంటుంది: ఎత్తు 21 అంగుళాలు, వెడల్పు 7, రిమ్ము 10. గాలి అయిదు పౌండ్ల లోపే. ఆ మాట చెబితే ఎవరూ నమ్మరు. చేతి అలవాటు కొద్దీ కారుకు కొట్టినట్టు ముప్పై కొట్టేస్తారు, బండి బంతిలా ఎగురుతూ ఇంటికొస్తుంది. వాళ్ల గేజీలో పది కంటే కింద గీతలే సరిగ్గా ఉండవు. పదిహేను దాకా మాత్రమే చూపే చిన్న గేజీ ఒకటి నా జేబులో ఉంటుంది.

ఏది మార్చనో కూడా చెప్పాలి. స్టీరింగ్ టై రాడ్ చివర్లు, బాల్ జాయింట్లు, బ్రేకు మాస్టర్ సిలిండర్. మర ఒకటే కదా, 12 మి.మీ., 1.25 పిచ్ అని ఏదో కారుది తెచ్చి పెట్టొచ్చు, బిగుసుకుంటుంది కూడా. కానీ టై రాడ్ చివర కూర్చునేది మర మీద కాదు, దాని పైన ఉన్న వాలు కోను మీద. ఆ వాలు కలవకపోతే పైపైన ఒక గీత మేర మాత్రమే ఆనుతుంది, కొన్నాళ్లకు ఆడుతుంది, ఓ రోజు ఊడుతుంది. విరిగిన స్టీరింగ్ నకిల్‌కు వెల్డింగ్ పెడతాననేవాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేస్తాను. అవి నెలలు పట్టినా అసలువి తెప్పించుకుంటాను, అందాకా బండి షెడ్డులో ఉంటుంది. ఈ జాతి బండ్లతో ఆటలాడితే ఏమవుతుందో అమెరికా చూసింది. మూడు చక్రాల రకం బోల్తాలు కొట్టి జనం ప్రాణాలు పోతుంటే 1988లో అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కంపెనీలు వాటి అమ్మకం ఆపేశాయి. నాలుగో చక్రం వచ్చినంత మాత్రాన ఆ గుణం పూర్తిగా పోలేదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. రిజిస్టరైన బండిని తయారీ కొలతలకు విరుద్ధంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. నా బండిలాంటిదానికి అసలు రిజిస్ట్రేషనే లేదు. తోట గట్టు దాటి తిరువూరు రోడ్డెక్కే హక్కు దానికి లేదు. పోలారిస్ కంపెనీ 2021లో తన క్వాడ్‌ను ఇక్కడ రోడ్డెక్కించిన ఉపాయం తెలిస్తే మీకూ నవ్వొస్తుంది: వ్యవసాయ ట్రాక్టర్‌గా ధ్రువీకరణ తెచ్చుకుంది. అప్పట్లో ఇంచుమించు ఎనిమిది లక్షల ట్రాక్టరు. నాది ఆటోనగర్‌కు వెళ్లేది పక్కింటివాళ్ల ట్రాలీ ఆటోలో పడుకుని.

2024 సెప్టెంబరు మొదట్లో మా మండలంలోనే బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడి, కింద విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఆ తర్వాత వారాల తరబడి విజయవాడలో ఏ మెకానిక్ షెడ్డు చూసినా నీళ్లు తాగిన బైకుల వరసే. మేస్త్రీలు అప్పుడు ప్రతివాడికీ ఒకటే చెప్పారు, కిక్కు కొట్టొద్దని. సిలిండర్‌లో నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గు విప్పాలి, తెల్లబారిన ఆయిల్ దించాలి, కొత్తది పోసి మళ్లీ దించాలి. నా బండికి ఆ గండం పట్టలేదు. ఆ రోజుల్లో బేరింగుల కోసం వెళితే కొట్లలో సరుకు నిండుకుంది. 6206 దొరకలేదని ఎప్పుడైనా అనగలిగితే అప్పుడొక్కసారే.

ఇప్పుడు మిగిలిన లోటు వెనక షాక్ అబ్జార్బర్. ఇంజన్ వెనక నడిమధ్యన ఒక్కటే ఉంటుంది, సీలు పోయి ఆయిలంతా కారిపోయింది. రీఫిల్ చేసేవాళ్లున్నారు గానీ కడ్డీ మీద క్రోమ్ లేచిపోయింది, కొత్త సీలు వేసినా నిలవదు. పైకన్ను నుంచి కిందికన్ను దాకా నడిమికి నడిమికి 320 మి.మీ., బోల్టు రంధ్రం 10. ఒక్క షాకే ఉండే బైకులవి చాలా ఉన్నాయి, పొడవు కలిస్తే స్ప్రింగు గట్టిదనం కలవడం లేదు, స్ప్రింగు కలిస్తే కింది కన్ను వెడల్పు కలవడం లేదు. మైలవరం, నూజివీడు, ఆగిరిపల్లి వైపు ఎవరి పాత ఇనుములోనైనా ఇలాంటిది కనిపిస్తే ఈ పత్రిక ఆఫీసుకు కబురు పెట్టండి. స్ప్రింగు తీగ మందం, చుట్లు ఎన్నో కూడా చూసి రాస్తే మరీ మంచిది.