28 డిగ్రీల గీత

మా తాతయ్య లంక పొగాకు చుట్ట కాల్చేవాడు. సగం కాలిన చుట్ట వేళ్ల సందున ఇరికించుకుని, అదే చేత్తో మిరప నారు పీకి కట్టలు కట్టేవాడు. నానమ్మ చూసిందంటే ఊరుకునేది కాదు. "ముందు ఆ చేతులు కడుక్కుని మరీ నారు ముట్టుకోండి" అని గదమాయించేది. తాతయ్య నవ్వేసేవాడు. నానమ్మది మడి పట్టింపు అనే నేనూ అనుకున్నాను. అది మడి కాదనీ, మంచి వ్యవసాయమనీ నాకు తెలిసేసరికి ఇద్దరూ లేరు.

కోరుకొండలో మా పెరడు కొండకి దగ్గర. ఎండాకాలం పొద్దంతా కాగిన ఆ బండ, నరసింహస్వామి గుళ్లో దీపాలు పెట్టే వేళకి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ పెరట్లోనే పదేళ్లుగా మిరప, టమాటా, వంగ నారు పోస్తున్నాను. ఒక ఏడాది చైత్రంలో ఒక దుకాణంలో మిరప విత్తనం కొన్నాను. ప్యాకెట్ మీద "వైరస్‌ను తట్టుకునే రకం" అని పెద్దక్షరాలు. నెల తిరిగేసరికి లేత ఆకుల మీద ముదురు పచ్చ, లేత పచ్చ మచ్చలు కలగలిసిపోయాయి. ఆకు కొసలు ముడుచుకున్నాయి. ప్యాకెట్ పట్టుకెళ్లి ఆ దుకాణదారుతో గొడవ పడ్డాను. ఆయన విని విని, "ఎండ ఎలా ఉందో చూశారాండీ?" అన్నాడు. తప్పించుకోడానికి అన్నాడనుకున్నాను.

ఎండకీ వైరస్‌కీ ఉన్న లంకెని శాస్త్రజ్ఞులు పట్టుకుంది మన గోదావరివాళ్లకి బాగా తెలిసిన మొక్కలోనే. పొగాకులో. అసలు వైరస్ అనేదాన్ని మనిషి కనిపెట్టిందీ పొగాకులోనే. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు మొజాయిక్ తెగులు పట్టిన ఆకుల రసాన్ని, బాక్టీరియాని కూడా ఆపేసే వడపోతలోంచి పోనిచ్చాడు. అయినా ఆ రసం తెగులు అంటించింది. ఆ మొజాయిక్ వైరస్ ఎంత మొండిదంటే, ఆకు ఎండి చుట్టగా మారినా చావదు. కాల్చినవాడి వేళ్లకి అంటుకుని పక్క మడిలోని మిరపకి, టమాటాకి చేరుతుంది. నానమ్మ కేకలకి అర్థం అదీ.

మా ఊరికి పాతిక కిలోమీటర్ల లోపే రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో మొదలైంది. అంతకు ముందే, 1938 నాటికి, అమెరికాలో ఫ్రాన్సిస్ హోమ్స్ అనే ఆయన గ్లుటినోసా అనే అడవి పొగాకు జాతి నుంచి ఒక గుణాన్ని సాగు పొగాకులోకి తెచ్చాడు. దాని పేరు ఎన్ జన్యువు. 1994లో కాలిఫోర్నియాలో దాన్ని విడదీసి చదివారు. ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్ కణం లోపల కాపలా కాస్తుంది. వైరస్ తన నకళ్లు తీసుకునే యంత్రంలో ఒక ముక్కని గుర్తుపట్టి కేక పెడుతుంది. ఆ కేకకి దొంగ దూరిన కణమూ, చుట్టూ ఉన్న నాలుగు కణాలూ తమంత తామే చచ్చిపోతాయి. రెండు రోజుల్లో ఆకు మీద గుండుసూది తలంత గోధుమ రంగు చుక్క మిగులుతుంది. ఇల్లు తగలబెట్టుకుని ఊరిని కాపాడటం లాంటిది.

మిగతా ఆకులకి కబురు కూడా వెళ్తుంది. ఒక ఆకు దెబ్బతింటే మొక్క మొత్తం అప్రమత్తం అవుతుందని 1961లో రాస్ అనే శాస్త్రజ్ఞుడు పొగాకు మీదే చూపించాడు. 1979లో ఇంగ్లండ్‌లో వైట్ అనే ఆయన పొగాకు ఆకులకి ఆస్పిరిన్ ఎక్కిస్తే మొజాయిక్ చుక్కలు తగ్గాయి. మనం తలనొప్పికి వేసుకునే బిళ్లకి దగ్గరి చుట్టమైన శాలిసిలిక్ ఆమ్లాన్ని మొక్క తనంత తానే వండుకుంటుందనీ, దాని రక్షణకి అదే మందనీ తర్వాత తేలింది.

ఇంత పకడ్బందీ కాపలాకి ఒక గీత ఉంది. 28 డిగ్రీలు. అది దాటితే ఎన్ జన్యువున్న పొగాకు మీద చుక్కలు పడవు. కాపలా ప్రొటీన్ కణంలో ఉండాల్సిన చోట, అంటే కేంద్రకంలో, పలచబడిపోతుందని 2010లో బయటపడింది. వైరస్ చడీచప్పుడు లేకుండా మొక్కంతా పాకుతుంది. అసలు ఘోరం ఆ తర్వాత. అదే మొక్కని తిరిగి చల్లటి చోట పెడితే కాపలాదారు మేలుకుంటాడు. చూస్తే ప్రతి గదిలోనూ దొంగే. పాత అలవాటు ప్రకారం అన్ని గదులూ తగలబెడతాడు. మొక్క కూలిపోతుంది. ఎండలో నిలిచిన మొక్క చల్లబడ్డాక చస్తుంది.

ఎండకి మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. ప్రొటీన్ అంటే ఆత్రేయపురం పూతరేకు లాంటిది. మడత సరిగ్గా ఉంటేనే అది పూతరేకు, లేదంటే పొడి. వేడికి ప్రొటీన్ల మడతలు విడిపోతాయి. వాటిని మళ్లీ సరిగ్గా మడిచే సహాయకులని కణం గబగబా తయారుచేసుకుంటుంది. వీటిని హీట్ షాక్ ప్రొటీన్లు అంటారు. చిత్రమేమిటంటే, ఎన్ కాపలాదారుని సిద్ధంగా నిలబెట్టి ఉంచే హెచ్ఎస్‌పీ 90 కూడా ఈ సహాయకుల్లో ఒకటే. ఎండ పనికీ తెగులు పనికీ ఒకే ఇంటి మనుషులు.

ఆ ఆస్పిరిన్ చుట్టం సంగతీ అంతే. వేడిలో మొక్క దాన్ని ఎందుకు వండలేకపోతుందో 2022లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో షెంగ్ యాంగ్ హే బృందం కనిపెట్టింది. వంట మొదలుపెట్టించే ఒక జన్యువు 28 డిగ్రీల దగ్గర మూగబోతోంది. దాన్ని మూగబోకుండా చేస్తే రక్షణ తిరిగొచ్చింది. కాపలాదారులందరూ ఎండకి కూలబడతారని కూడా కాదు. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులుని ఆపే ఎక్స్ఏ7 అనే జన్యువు వేడి పెరిగితే ఇంకా బాగా పనిచేస్తుంది. మిరపలో మొజాయిక్‌ని ఆపే జన్యువుల్లో కొన్ని 30 దగ్గర చేతులెత్తేస్తాయి. ఎవరి గీత వారిది.

ఇదంతా చదివాక నారుమడి దగ్గర నా పని మారింది. పాత పనుల్లోనే అర్థం కనిపించింది. కడియం నర్సరీల్లో ఒక పెద్దాయన నీడ కింది నారుని చూపించి ఒకసారి చెప్పాడు: "ఒక్కసారే నెట్ తీసేత్తే మాడిపోద్దండి. రోజుకో గంట ఎండ చూపించాలండి, ఆయ్." దాని వెనక కథ ఇప్పుడు తెలుసు. కాస్త వేడి తగిలిన మొక్క ఆ మడతలు వేసే సహాయకులని ముందే నిల్వ చేసుకుంటుంది. రేపటి పెద్ద ఎండకి అవి అక్కరకొస్తాయి. నాటే ముందు నారు వేళ్లని సూడోమోనాస్ కలిపిన నీళ్లలో ముంచడమూ అలాంటిదే. వేరు పట్టుకున్న మంచి బాక్టీరియా ఆకులని ముందుగానే హెచ్చరిస్తుంది.

ఇప్పుడు పది దాటాక నారు ముట్టుకోను. కొబ్బరాకు పందిరి మీద పచ్చ నెట్ కప్పుతాను. నాటడం సాయంత్రమే. చేతులు సబ్బుతో కడిగి, వెన్న తీసిన పాలలో ముంచి మరీ నారు పీకుతాను. పాలల్లోని ప్రొటీన్లు వైరస్‌ని అంటకుండా చేస్తాయి. చుట్ట కాల్చే కూలీ వస్తే ఆయనకీ అదే మర్యాద. మొదట్లో నవ్వేవాడు, తాతయ్యలాగే.

పందిరి గుంజకి ఒక థర్మామీటర్ కట్టాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట మనకి ఉంది కానీ, పందిరి కింద ఎంతుందో మాట చెప్పదు. విత్తనం ప్యాకెట్ మీద రకం పేరు ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. తట్టుకునేది ఎన్ని డిగ్రీల దాకానో ఎవరూ అచ్చు వేయరు. అందుకే ఖాళీ ప్యాకెట్లు పారేయను. నారు పోసిన రోజు నుంచి నాటిన రోజు దాకా మధ్యాహ్నం మూడింటికి పందిరి కింద చూసిన అంకెలు వెనకవైపు పెన్సిల్‌తో రాస్తాను. నిరుడు మచ్చలు పడ్డ నారు తాలూకు ప్యాకెట్‌ని దుకాణానికి తీసుకెళ్లలేదు. తిరగేసి చదువుకున్నాను.